చూస్తూ వెబ్‌పేజీ కట్టే ప్రోగ్రాములు: ఏది ఎవరికి?

మంగళగిరిలో నాకు తెలిసిన ఒక చేనేత వస్త్రాల దుకాణానికి కొన్నేళ్ల కిందట వెబ్‌సైటు తయారైంది. చూడటానికి ముచ్చటగానే ఉండేది. పేజీ పక్కన జరీ అంచులాంటి సన్నని గీత పైనుంచి కిందికి పాకుతూ వచ్చేది, పైభాగంలో చీరల ఫోటోలు ఒకదాని తరువాత ఒకటి మారుతుండేవి. ఆ తరువాత దుకాణం ఫోన్ నంబరు మారింది. సైటు చేసిన కుర్రవాడు ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు, లాగిన్ అతని మెయిల్ మీద ఉంది, దుకాణం వారికి అది ఏ ప్రోగ్రాముతో చేసిందో కూడా తెలియదు. ఒక్క నంబరు మార్చలేక ఆ సైటు పదకొండు నెలలు పాత నంబరుతోనే నడిచింది. ఈసారి ఏ ప్రోగ్రాము మంచిదో చెప్పమని వారు నా దగ్గరికి వచ్చినప్పుడు, వచ్చే ఏడాది నంబరు మళ్లీ మారితే మీ ఇంట్లో దాన్ని దిద్దేది ఎవరని నేను తిరిగి అడిగాను. కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, పెద్ద కోడలు చేస్తుందన్నారు.

కోడు రాయకుండా, మాటను, బొమ్మను, బటన్‌ను తెర మీద చూసుకుంటూ జరుపుకుంటూ పేజీ తయారు చేసే ప్రోగ్రాములు ఇప్పుడు పదుల సంఖ్యలో ఉన్నాయి. వాటి ప్రకటనలన్నీ ఒకే పాట పాడతాయి కాబట్టి వాటిని చదివి తేల్చుకోగలిగేది ఏమీ ఉండదు. నా మటుకు నేను మొదట రెండు విషయాలు చూస్తాను: తయారైన పేజీని ఆరు నెలల తరువాత ఎవరు దిద్దుతారన్నది ఒకటి, ఆ ప్రోగ్రాము మూతపడినా మనమే దాన్ని మానేసినా మన చేతిలో ఏం మిగులుతుందన్నది రెండోది. తెలుగులో సైటు పెట్టేవారికి మూడోది కూడా ఉంది, అది అక్షరాల సంగతి.

మూతపడటం అనేది బెదిరించడానికి అంటున్న మాట కాదు. 1996లో మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చిన ఫ్రంట్‌పేజ్‌ను ఒకప్పుడు మన ఊళ్లలోని కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు వెబ్ డిజైనింగ్ పేరిట నేర్పేవి. 2003 వెర్షన్‌తో దాని పని ముగిసింది. దాని స్థానంలో వచ్చిన ఎక్స్‌ప్రెషన్ వెబ్‌ను 2012 చివర్లో ఉచితం చేసి, అక్కడితో వదిలేశారు. కోడు తెలియని డిజైనర్ల కోసమని అడోబ్ తెచ్చిన మ్యూజ్‌కు 2020 మార్చి 26తో మద్దతు ఆగిపోయింది. అయితే మ్యూజ్‌తో చేసిన పేజీలను మామూలు హెచ్‌టీఎమ్‌ఎల్ (బ్రౌజర్ చదివే పేజీ కోడు) ఫైళ్లుగా తీసుకుని ఎవరి హోస్టింగ్‌లో (సైటు ఫైళ్లను ఉంచే అద్దె సర్వరులో) వారు పెట్టుకొనే వీలుండేది కనుక, అలా పెట్టుకున్నవారి సైట్లు ప్రోగ్రాము పోయినా నిలిచాయి. గూగుల్ తన బిజినెస్ ప్రొఫైల్‌తో (మ్యాప్స్‌లో దుకాణం వివరాలు చూపించే పేజీతో) పాటు ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్ల సంగతి ఇలా జరగలేదు. అవి 2024 మార్చిలో ఆగిపోయాయి. జూన్ 10 వరకు ఆ చిరునామాలు ప్రొఫైల్ పేజీకి దారి మళ్లాయి, ఆ తరువాత అదీ లేదు. విజిటింగ్ కార్డు మీద, దుకాణం బోర్డు మీద ఆ చిరునామా రాయించుకున్నవారు కార్డూ బోర్డూ రెండూ మార్చుకోవలసి వచ్చింది. ప్రోగ్రాము పోవడం వేరు, సైటు పోవడం వేరు. ఏ ప్రోగ్రాము ఎదురైనా ఈ రెండింటిలో దేనికి గురి అవుతామో ముందుగా చూసుకోవాలి.

ఫైళ్లు మన కంప్యూటర్‌లో ఉండే రకం

డ్రీమ్‌వీవర్ ఈ రకానికి పెద్దన్న. 1997లో మాక్రోమీడియా విడుదల చేసింది, 2005లో ఆ సంస్థను అడోబ్ కొనుక్కోవడంతో ఇటు వచ్చింది. ఒక సగంలో పేజీ, మరో సగంలో దాని కోడు కనిపించే ఏర్పాటు దీనిలో నేటికీ చక్కగా ఉంటుంది. ఇక్కడ ఒక పేరాను లావు అక్షరాలకు మారిస్తే అక్కడ కోడులో ఏం చేరిందో వెంటనే కనబడుతుంది కాబట్టి, నేర్చుకొనేవారికి ఇది మంచి గురువు. కానీ అడోబ్ దీని మీద శ్రద్ధ తగ్గించి చాలా కాలమైంది, పైగా చందా కట్టినంత కాలమే వాడుకోగలం. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను దీన్ని సూచించను.

ఇదే దారిలో పైన్‌గ్రో నాకు ఎక్కువ నచ్చుతుంది. ఎవరో ఎప్పుడో రాసిన హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైలును కూడా తెరిచి, చూస్తూ దిద్ది, అదే ఫైలుగా తిరిగి భద్రపరుస్తుంది. తనకు మాత్రమే అర్థమయ్యే రూపంలోకి దాన్ని మార్చదు. రేపు అది లేకపోయినా ఆ ఫైలు నోట్‌ప్యాడ్‌లోనైనా తెరుచుకుంటుంది. బ్లూగ్రిఫన్, కోంపోజర్ వంటి ఉచిత ప్రోగ్రాముల పేర్లు ఇంకా అక్కడక్కడా వినబడతాయి కానీ, వాటి అభివృద్ధి ఎప్పుడో ఆగిపోయింది.

ఒకసారి పెట్టాక పెద్దగా మారని సైట్లకు ఈ రకం సరిపోతుంది: ఒక ఊరి చరిత్ర, తాతగారి పద్యాల సంపుటి, ఒక గ్రంథాలయపు పుస్తకాల పట్టిక. అలాంటి ఫైళ్లను గిట్‌హబ్ పేజెస్ వంటి చోట డబ్బు కట్టకుండానే పెట్టుకోవచ్చు, హ్యాకర్లకు పగలగొట్టడానికి సైటులో లాగిన్ తలుపే ఉండదు. చిక్కల్లా మరొకరు దిద్దవలసి వచ్చినప్పుడే. ఆ కంప్యూటర్, ఆ ప్రోగ్రాము, ఫైళ్లను సర్వరుకు ఎక్కించే పద్ధతి మూడూ తెలిసినవారు కావాలి. మంగళగిరి కోడలుగారి చేతిలో ఉండేది ఫోను, కాబట్టి ఈ రకాన్ని మేము అక్కడే పక్కన పెట్టాము.

వర్డ్‌ప్రెస్, దాని మీద ఎక్కే బిల్డర్లు

సర్వరులో ఉండి సైటును నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్. 2003లో మొదలైన దాని మీద నేడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో ఐదింట రెండు వంతులకు పైగా నడుస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ ఉచితం, హోస్టింగ్ మనం కొనుక్కోవాలి. ఒక హోస్టింగ్ సంస్థ నచ్చకపోతే మూటాముల్లె సర్దుకుని మరో సంస్థకు వెళ్లవచ్చు. 2018 డిసెంబరులో 5.0 వెర్షన్‌తో వచ్చిన బ్లాక్ ఎడిటర్‌లో పేరా, ఫోటో, పట్టిక, బటన్ దేనికది ఒక దిమ్మెలా ఉంటుంది. వాటిని పైకీ కిందికీ జరుపుకోవచ్చు. 2022 జనవరిలో వచ్చిన 5.9 నుంచి, అందుకు తగిన థీమ్ (సైటు రూపాన్ని నిర్ణయించే భాగం) ఉంటే, పేజీ పైపట్టీ, అడుగుపట్టీ కూడా అదే పద్ధతిలో దిద్దుకోవచ్చు. బ్లాక్ ఎడిటర్ విడుదలైన కొత్తలో చాలామందితో పాటు నేనూ విసుక్కున్నాను. ఇప్పుడు చాలా పనులకు ఇదే చాలునంటాను.

అయినా మన దగ్గర ఎవరికైనా వర్డ్‌ప్రెస్ సైటు చేయమంటే ముందుగా ఎలిమెంటార్ వేస్తారు. 2016లో వచ్చిన ఈ ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్) నిజంగానే చేతికి సులువైనది, ఎడమ పక్క నుంచి ఏది కావాలంటే అది లాగి పేజీలో పడేయవచ్చు. దివి, డబ్ల్యూపీబేకరీ కూడా ఈ కోవలోవే, వీటినే బిల్డర్లంటారు. వీటిని పోల్చడానికి నేను చేసే పరీక్ష ఒకటుంది: అసలు సైటు మీద కాకుండా దాని నకలు మీద ఆ ప్లగిన్‌ను ఆపివేసి, పేజీ తెరిచి చూస్తాను. ఎలిమెంటార్ ఆపితే మాటలు, ఫోటోలు మిగులుతాయి, అమరిక పోతుంది. పెళ్లయ్యాక పందిరి విప్పిన ఇల్లులా ఉంటుంది కానీ ఇల్లు ఉంటుంది. డబ్ల్యూపీబేకరీ ఆపితే చదరపు బ్రాకెట్ల మధ్య దాని సొంత సంకేతాలు వాక్యాల నడుమ తేలి, వచ్చినవారికి కనబడతాయి. వంద పేజీల సైటులో వాటిని ఏరడం ఎంత పనో ఒకసారి చేసినవాడిగా చెబుతున్నాను. బ్లాక్ ఎడిటర్‌తో చేసిన పేజీకి ఈ బెడద లేదు, అందులోని మాటలు మామూలు హెచ్‌టీఎమ్‌ఎల్‌గానే డేటాబేసులో ఉంటాయి.

బరువు సంగతి కూడా ఉంది. బిల్డర్లు ఒక్క శీర్షికను ఒకదానిలో ఒకటిగా నాలుగైదు పెట్టెల్లో చుడతాయి, వాటికి తోడు తమ సొంత స్టైలు ఫైళ్లు, స్క్రిప్టులు తెస్తాయి. పేజీలో ప్రధానమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. ఆఫీసులోని వైఫై మీద అన్నీ ఆ కొలతలో ఉన్నట్టే అనిపిస్తాయి; బస్సులో కూర్చుని చవక ఫోనులో తెరిచి చూసినప్పుడు తేడా తెలుస్తుంది.

తెలుగు శీర్షికలు పెట్టేవారు వర్డ్‌ప్రెస్‌లో ఒక చిన్న విషయం గమనించాలి. పేజీ చిరునామాను అది శీర్షిక నుంచే తయారు చేసుకుంటుంది, దానికి 200 గుర్తుల హద్దు ఉంది. తెలుగులో హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు దేనికది విడిగా లెక్కకు వస్తుంది, ఒక్కొక్కటి చిరునామాలో 9 గుర్తుల చోటు తీసుకుంటుంది. అంటే దాదాపు 22 దాటితే మిగిలింది తెగిపోతుంది. ‘మంగళగిరి చేనేత చీరల కొత్త డిజైన్లు’ అని శీర్షిక పెడితే చిరునామా ‘మంగళగిరి-చేనేత-చీరల-కొత్’ అని ఆగిపోతుంది. పైగా ఆ చిరునామాను వాట్సాప్‌లో అతికిస్తే చాలాసార్లు శాతం గుర్తులతో నిండిన పొడవాటి తీగ కనబడుతుంది, అది చూసి వైరస్ లింకేమోనని నొక్కనివారూ ఉన్నారు. ప్రచురించే ముందు చిరునామా గడిలో ఇంగ్లిషు అక్షరాలతో రెండు మూడు మాటలు మనమే రాసుకుంటే ఈ బాధ తప్పుతుంది.

వర్డ్‌ప్రెస్ అసలు బరువు నిర్వహణలో ఉంది. కోర్ (అసలు సాఫ్ట్‌వేర్), థీమ్, ప్లగిన్లు ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలి, బ్యాకప్ వేరే చోట ఉంచాలి. రెండేళ్లు ముట్టుకోని వర్డ్‌ప్రెస్ సైటు కంటే అసలు సైటు లేకపోవడమే నయమన్న సందర్భాలు చూశాను. ఒక సైటులో హోమియో మందుల పేజీల కింద ఎవరివో జూదం లింకులు మొలిచాయి. నెలకు ఒక గంట దానికి కేటాయించే మనిషి ఉంటేనే దీని జోలికి వెళ్లాలి.

అన్నీ వారి దగ్గరే ఉండే రకం

విక్స్, స్క్వేర్‌స్పేస్, వెబ్‌ఫ్లో, గూగుల్ సైట్స్ ఈ వరుసలోవి. హోస్టింగ్, భద్రత, అప్‌డేట్లు అన్నీ వారే చూసుకుంటారు, మనం బ్రౌజర్ తెరిచి దిద్దుకోవడమే. నిర్వహణ మీద ఓపిక లేనివారికి ఇది చిన్న సుఖం కాదు.

విక్స్ మామూలు ఎడిటర్‌లో ఏ వస్తువునైనా పేజీ మీద ఎక్కడైనా, గోడకు పటం తగిలించినట్టు, పెట్టవచ్చు. మొదటి గంటలో ఈ స్వేచ్ఛ గొప్పగా ఉంటుంది. ఫోను తెర కోసం అమరికను విడిగా మళ్లీ సర్దవలసి వచ్చినప్పుడు దాని ఖరీదు తెలుస్తుంది, పేజీలో మార్పు చేసిన ప్రతిసారీ రెండు చోట్లా చూసుకోవాలి. తెరను బట్టి తానే సర్దుకొనే ఎడిటర్ కావాలంటే విక్స్ స్టూడియో ఉంది, కానీ అది డిజైనర్ల కోసం చేసింది. ఒకసారి ఎంచుకున్న టెంప్లేట్‌ను (వారు సిద్ధంగా ఇచ్చే నమూనాను) తరువాత మార్చుకోలేము, సైటును ఫైళ్లుగా తీసుకుని వేరే సర్వరులో పెట్టుకొనే దారి కూడా లేదు. స్క్వేర్‌స్పేస్‌లో ఇంత స్వేచ్ఛ లేదు, ఆ లేకపోవడమే దాని మేలు; ఏం చేసినా పేజీ వికారంగా తయారు కావడం కష్టం. శాశ్వతంగా ఉచితమైన పథకం లేదు. బ్లాగు టపాలను, కొన్ని పేజీలను మాత్రం వర్డ్‌ప్రెస్ చదవగలిగే రూపంలో బయటికి తీయవచ్చు.

వెబ్‌ఫ్లో 2013లో వచ్చింది. చూస్తూ చేసే పనే అయినా, అడుగున ఉన్న పెట్టె నమూనా, క్లాసులు, అంచుల ఖాళీలు అర్థం కానివారికి ఇది పద్మవ్యూహంలా ఉంటుంది. అర్థమైనవారికి మిగిలినవన్నీ బొమ్మలాటలా కనబడతాయి. పెద్ద తెరకు ఇచ్చిన అమరిక చిన్న తెరలకు దిగుతూ పోతుంది, ఎక్కడ అవసరమో అక్కడే మార్చుకుంటాము. చెల్లింపు పథకాలలో కోడును ఎగుమతి చేసుకోవచ్చు కానీ, అలా బయటికి వచ్చిన పేజీల్లో వారి ఫారాలు పని చేయవు, వారి డేటాబేసులో చేర్చిన వార్తలు, ఉత్పత్తుల జాబితాలు రావు. ఎగుమతి ఉందన్న ఒక్క మాట విని నిశ్చింతగా ఉండకూడదు.

గూగుల్ సైట్స్‌ను డిజైనర్లు చిన్నచూపు చూస్తారు. నాకు దాని మీద గౌరవమే. ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుల బృందం నోటీసులు, పరీక్షల తేదీలు, ఒక ఫారం పెట్టుకోవడానికి ఇంతకు మించి అక్కరలేదు. డ్రైవ్‌లో ఫైలు పంచుకున్నట్టే నలుగురూ కలిసి దిద్దవచ్చు, సొంత డొమైన్‌ను (సైటు చిరునామా పేరును) గూగుల్‌కు అదనంగా డబ్బు కట్టకుండానే జోడించవచ్చు. రూపంలో చేయగలిగింది తక్కువ, దుకాణం పెట్టడం కుదరదు. ఇక పెళ్లి, గృహప్రవేశం వంటి ఒక్కరోజు వేడుక పేజీకైతే కాన్వాలోనే చేసి పడేయవచ్చు, దానికి ఇన్ని లెక్కలు అక్కరలేదు.

తెలుగు పరీక్ష

ఏ ప్రోగ్రామునైనా డబ్బు కట్టక ముందే, దాని ట్రయల్‌లో ఒక ఖాళీ పేజీ తెరిచి, పెద్ద శీర్షికగా ‘చేనేత వస్త్రాలు’ అని రాయండి. ‘స్త్ర’లో తకారం, రకారం రెండు వత్తులుగా చేరతాయి, ఇంగ్లిషు అక్షరాలను ఊహించుకుని తయారు చేసిన బటన్లలో, శీర్షికల పెట్టెల్లో ఆ వత్తు అడుగు భాగం కత్తిరించుకుపోతుంది. తరువాత అదే శీర్షికను రెండు వరుసలు పట్టేటంత పొడవు చేయండి. చాలా టెంప్లేట్లలో వరుసల ఎత్తు అక్షరం పరిమాణానికి 1.2 రెట్లు ఉంటుంది; అంతలో పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడిదీర్ఘాన్ని రాసుకుంటుంది. తెలుగుకు 1.6 నుంచి 1.8 వరకు కావాలి. ఆ అంకె మార్చుకోనిచ్చే గడి ఆ ప్రోగ్రాములో ఉందో లేదో చూడండి.

అక్షరాలు ఒక్కొక్కటిగా ఎగిరి వచ్చే యానిమేషన్ ఉంటే దాన్ని కూడా ఒకసారి వేసి చూడండి. మాటను అక్షర సంకేతాల వారీగా ముక్కలు చేసే యానిమేషన్ అయితే ‘వస్త్రాలు’ తునాతునకలై, వత్తులు, గుణింతాలు చుక్కలతో గీసిన ఖాళీ సున్నలకు వేలాడుతూ వస్తాయి. డిజైనరుకు తెలుగు రాకపోతే అది అలంకారమేననుకుని వదిలేస్తాడు.

ఫాంటు విషయంలో గూగుల్ ఫాంట్స్‌లో మండలి, మల్లన్న, రామభద్ర, ఎన్టీఆర్ వంటివి అందంగా ఉంటాయి కానీ వాటిలో ఒకే మందం ఉంటుంది. బోల్డ్ నొక్కితే బ్రౌజర్ తానే అక్షరాన్ని లావు చేసి చూపిస్తుంది, చిన్న సైజులో సున్నలు, వంపులు పూడుకుపోతాయి. నోటో సాన్స్ తెలుగు, అనెక్ తెలుగు, హింద్ గుంటూరు వంటి వాటిలో పలు మందాలు ఉన్నాయి. ఫాంటు ఏదీ ఎంచుకోకపోతే విండోస్‌లో ఒకటి, ఆండ్రాయిడ్‌లో మరొకటి కనబడి, ఒకే పేజీ రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటుంది. ఇటాలిక్ బటన్ జోలికి వెళ్లవద్దు. తెలుగు అక్షరం వాలితే పడిపోబోతున్నట్టే ఉంటుంది.

కరపత్రాల మ్యాటర్‌ను డీటీపీ షాపు నుంచి తెచ్చుకొనేవారికి ఒక హెచ్చరిక. అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ నిజానికి తెలుగు సంకేతాల్లో ఉండదు, కాబట్టి వెబ్‌పేజీలో అతికిస్తే అర్థం లేని ఇంగ్లిషు గుర్తులుగా మారుతుంది. ఇది ఏ ప్రోగ్రాము తప్పూ కాదు. ముందు యూనికోడ్‌లోకి (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాల్లోకి) మార్పించుకుని, ఆ మార్పులో చెడిన వత్తులను కూర్చుని దిద్దుకోవాలి. ఆ శ్రమ తప్పించుకోవడానికి కరపత్రాన్నే ఫోటో తీసి పేజీలో పెట్టేవారున్నారు. అందులోని మాట ఒక్కటీ వెతుకులాటకు సరిగా దొరకదు, కంటిచూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కూ అందదు.

డబ్బు, పేర్లు

ఆన్‌లైన్ బిల్డర్ల ధరలు తరచుగా డాలర్లలో ఉంటాయి, వాటికి 18 శాతం జీఎస్టీ, బ్యాంకు మారకపు రుసుము కలుపుకోవాలి. మొదటి ఏడాది రాయితీ చూసి మురిసిపోకుండా రెండో ఏడాది ధర ఎంతో అడగాలి. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం కార్డు నుంచి దానంతట అదే మళ్లీ మళ్లీ చెల్లింపు జరగాలంటే ముందుగా నమోదు ఉండాలి, 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. ఏడాది చందా గడువు నాడు చెల్లింపు విఫలమై సైటు ఆగిపోవడం ఇందువల్లే తరచుగా జరుగుతుంది. గడువు తేదీని గోడ క్యాలెండరు మీద కూడా రాసుకోమని నేను చెబుతుంటాను.

డొమైన్‌ను మాత్రం బిల్డరు దగ్గర ఉచితంగా ఇస్తున్నారని తీసుకోకుండా, వేరే రిజిస్ట్రారు (డొమైన్లు అమ్మే సంస్థ) దగ్గర, యజమాని పేరు మీద, యజమాని మెయిల్‌తో కొనాలి. ప్రోగ్రాము మారినా చిరునామా మనతో వస్తుంది. మంగళగిరి వారి డొమైన్ ఆ కుర్రవాడి పేరు మీద ఉండటంతో, అతన్ని ఫోనులో పట్టుకుని, బతిమాలి, బదిలీ చేయించుకోవడానికి మాకు మూడు వారాలు పట్టింది.

వారికి చివరకు వర్డ్‌ప్రెస్, దానితో వచ్చే మామూలు థీమ్, బ్లాక్ ఎడిటర్, బిల్డర్ ఏదీ లేకుండా పెట్టాము. వారానికోసారి కొత్త చీరల ఫోటోలు చేరతాయి, వాటిని ఫోనులోని యాప్ నుంచే ఎక్కించవచ్చు, అప్‌డేట్లు నెలకోసారి నేను చూస్తాను. జరీ గీత పోయిందని మామగారు కొంచెం నొచ్చుకున్నారు. దసరా ముందు ఫోన్ నంబరు పక్కన వాట్సాప్ నంబరు కూడా చేర్చింది కోడలుగారే. రెండు చీరల ఫోటోలు అడ్డంగా పడ్డాయి, మర్నాడు పొద్దున నేను ఫోన్ చేసేలోపు ఆమే తిప్పుకుంది.